దిగని ప్రయాణికురాలు

ర్యాంపు కిందికి వాలింది, దాని మీదుగా నాగహారిక కూడా దిగింది. ఆ సంగతి బండికి తప్ప బందరు రోడ్డు మీద అందరికీ తెలుసు.

“ప్రయాణికురాలు ఇంకా దిగలేదు,” అని బండి గంభీరంగా ప్రకటించింది. “నిలుపుదల రుసుము నడుస్తోంది.”

హారిక చక్రాల కుర్చీని ఆఫీసు ముందరి కాలిబాట మీద గిర్రున తిప్పి బండికేసి చూసింది. నల్లటి అద్దంలో తన ముఖమే కనిపించింది, కందగడ్డలా.

“ఇదిగో, నీ ఎదురుగానే ఉన్నాను.”

“ప్రయాణికురాలు ఇంకా దిగలేదు.”

వారం రోజులుగా ఇదే తంతు. కొనేముందు సొంత బండిలా వాడి చూసుకోమని కంపెనీవాళ్లు ఇచ్చారు. ఊళ్లో డ్రైవరు లేని బండ్లన్నింటినీ నడిపే యంత్రవ్యవస్థ పేరు ప్రవాహం. అందులో తిరిగే ఏ బండయినా మనిషిని దించడానికి ఎనిమిది సెకన్లు ఉచితంగా ఆగుతుంది. ఆపైన ప్రతి క్షణానికీ రుసుమే. మనిషి దిగినట్టు ప్రవాహానికి తెలిసేది పాదస్పర్శతో. కాలి బరువు నేల మీద పడిందా, లెక్క మూసేస్తుంది. హారిక తన కాళ్ల మీద తాను నిలబడింది చిన్నప్పుడెప్పుడో. కాబట్టి ప్రవాహం దృష్టిలో ఆమె ఎక్కిందే గాని ఎక్కడా దిగలేదు. విసిగిపోయి ‘చెల్లిస్తాను’ అని ఆమె ఒప్పుకునేదాకా బండి కదలదు.

ఇన్నాళ్లూ ఈ చిక్కు ఎవరి కంటా పడలేదు. ప్రవాహాన్ని చూసుకునే మండలి పంపే బండిలో ఒక సహాయకురాలు ఉండేది. హారికను చంకల కింద పట్టి లేపి, కాళ్లు నేలకు ఆనించి, బియ్యం బస్తాను దింపినట్టు కుర్చీలో దింపేది. ఆవిడ మంచిదే. కానీ ఆవిడ రాని రోజు హారికకు ఆఫీసు లేదు, అంగడి లేదు, స్నేహితురాలి పుట్టినరోజు లేదు. ఒక్కతే ఎక్కి, ఒక్కతే దిగి, బుద్ధి పుట్టిన చోటికి వెళ్లాలని ఆమె కోరిక. అందుకే జీతంలో సగం అప్పుకే పోతుందని తెలిసినా ఈ బేరానికి దిగింది.

జోజిబాబు రొప్పుతూ వచ్చాడు. బండ్లు అమ్మే కంపెనీ మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఒప్పందం పలక. అతను చూపించిన మొదటి బండికి ర్యాంపు వెనకవైపు ఉంది. దిగితే నేరుగా వెనక వచ్చే బండ్ల నోట్లో పడాలి. రెండోదాంట్లో తల పైకప్పుకు కొట్టుకుంది. ‘కొంచెం వంగి కూర్చోండి మేడంగారూ’ అని ఉచిత సలహా ఇచ్చాడు. ఇది మూడోది. అడుగు భాగం కిందికి దించి కట్టిన బండి, పక్కనుంచి ర్యాంపు, కుర్చీని బిగించే కొక్కేలు తన చేతికే అందుతాయి. ఎక్కిన తొలిరోజే హారిక దీని మీద మనసు పారేసుకుంది.

“అప్పు మంజూరైందండీ,” అన్నాడు జోజిబాబు. “ఇంక నిలుపుదల పూచీ ఒక్కటే మిగిలింది. పదేళ్ల రుసుమూ ముందే కట్టేయాలి. ఈ వారం వాడకాన్ని బట్టి లెక్కేశారు.”

పలక మీది అంకెను హారిక రెండుసార్లు చదివింది. అది బండి ధరకు రెండింతలు.

“నన్ను బండి కొనమంటున్నారా, రోడ్డు కొనమంటున్నారా?”

“నా చేతుల్లో ఏముందండీ!” అంటూ అతను గొంతు తగ్గించాడు. “ఒక ఉపాయం ఉంది. దిగిన ప్రతిసారీ కాలు ఒక్కసారి అట్టా నేలకి ఆనిస్తే సరిపోద్ది. కాస్త బరువు పడాలంతే. పక్కన ఎవరన్నా మనిషిని పెట్టుకుంటే...”

“పక్కన మనిషి అక్కర్లేదనేగదండీ ఈ బండి కొంటోంది!”

“ఈ పూటకి నేను పట్టుకుంటాలెండి,” అని వంగి ఆమె మడమ మీద చెయ్యి వేశాడు, అడగనైనా అడక్కుండా.

హారికకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“చెయ్యి తియ్యండి.”

అతను తీసేశాడు. ఆ సందు చూసుకుని బండి అడిగింది, “చెల్లిస్తారా?”

రోజూ ఈ పాటికి పళ్లు కొరుక్కుంటూ సరే అనేది. ఈ రోజు ఆ మాట అనబుద్ధి కాలేదు.

“నేను దిగలేదన్నావుగా? దిగని మనిషి ఎందుకు కడుతుంది? దిగాక కడతాను. అందాకా ఆగు.”

కుర్చీ తిప్పుకుని ఆఫీసులోకి వెళ్లిపోయింది. వెనకనుంచి జోజిబాబు “మేడంగారూ, మేడంగారూ!” అంటూనే ఉన్నాడు.

హారిక పని ప్రవాహ మండలిలోనే, నిలుపుదల పరిష్కర్తగా. యంత్రానికి తేలని అర్జీలు ఆమె తెర మీదికి వస్తాయి. ఆ ఉదయం ఒక పెళ్లి ఊరేగింపు ఆగడానికి అనుమతి ఇచ్చింది. రుసుము లేదు. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించుకుంటామన్న వాళ్లకూ ఇచ్చింది. దానికీ రుసుము లేదు. నిమ్మకాయకు ఉన్న మర్యాద మనిషికి లేకపోయిందని ఒళ్లు మండింది. ఇంతలో తెర నిండిపోయింది. అర్జీలన్నీ ఒకే బండి గురించి.

దిగుతున్న మనిషి ఉండగా బండిని కదపకూడదన్నది ప్రవాహానికి మొదటి నియమం. ముందు బండిని తప్పించుకుపోవడం వెనక బండ్లకు ఎన్నడో మరపించేశారు. దాంతో వరస వరసంతా నిలబడిపోయింది. తన సొంత వ్యవహారాన్ని తనే పరిష్కరించుకోకూడదు గనక హారిక ఆ అర్జీలన్నింటినీ బుద్ధిగా పైఅధికారికి పంపించి మంచినీళ్లు తాగింది.

పైఅధికారి మస్తాన్‌వలి చెమటలు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చాడు.

“ఏందమ్మా ఇది? బెంజ్ సర్కిల్ దాకా ఆగిపోయిందంట! ఆ డబ్బులేవో కట్టెయ్యరాదా?”

“నేనింకా దిగలేదట గదండీ.”

“దిగకపోతే ఇక్కడెట్టా కూర్చున్నావు?”

“ఆ మాటేదో దానికి చెప్పండి సార్.”

“పోనీ, ఈసారికి నేను కడతా.”

“రేపెవరు కడతారు? ఎల్లుండో?” హారిక కుర్చీని ఆయనకేసి తిప్పింది. “వారంగా కడుతూనే ఉన్నాను. ఎదురుగా నిలువెత్తు మనిషిని పెట్టుకుని లేదంటుంటే ఎంతకాలం కట్టమంటారు?”

మస్తాన్‌వలి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూలబడి అర్జీ తెరిచాడు. ప్రవాహం ఒకటే ప్రశ్న అడిగింది: ప్రయాణికురాలు దిగిందా, లేదా? లేదంటే ఆమె ఆఫీసుకు రానట్టు. ఉదయం ఆమె హాజరు వేసింది ఆయనే. దిగిందంటే పాదస్పర్శ అబద్ధమైనట్టు. పరిష్కర్తలు ఒక్కసారి చెప్పిన మాటను ప్రవాహం అన్ని బండ్లకూ నేర్పేస్తుంది.

“ఇది నొక్కితే మొత్తం రూలే పోద్దమ్మా,” అన్నాడు నీరసంగా.

“అబద్ధపు రూలు ఉండి ఏం చేస్తుంది సార్?”

కిందనుంచి హారన్లు. ఊళ్లో హారన్లకు ఇంకా ప్రాణం ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. విసుగ్గా తల కొట్టుకుని ‘దిగింది’ మీద వేలు ఆనించాడు.

రోడ్డు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. కాలిని నమ్మకూడదని తేలాక దేన్ని నమ్మాలో ప్రవాహానికి తెలియలేదు. తెలియక, ఊళ్లో ఆగిన ప్రతి బండీ తన మనిషినే అడగడం మొదలుపెట్టింది. మీరు దిగారా? కిటికీ కింద ఒక పెద్దాయన “దిగానయ్యా బాబూ, దిగాను, కనిపించట్లా?” అని చేతులు ఊపుతున్నాడు. కూరగాయల సంచీతో ఒకావిడ “ఉండు, చెప్పులు వేసుకోనీ,” అని కసిరింది. బండి అలాగే ఉండిపోయింది. మస్తాన్‌వలి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

హారిక తెర మీదా ఒక గొంతు పలికింది.

“నాగహారికగారూ, మీరు దిగారా?”

ఇన్నేళ్లలో ఏ బండీ ఆమెను ఆ మాట అడగలేదు. సహాయకురాలిని అడిగింది, నేలను అడిగింది, కాళ్లను అడిగింది. హారిక కళ్లు తుడుచుకుంది. ఒక యంత్రం అడిగినందుకే ఇంత ఏడుపు ఏమిటని తన మీద తనకే చిరాకేసింది.

“దిగాను,” అంది.

బండి నమ్మింది. ర్యాంపు మడుచుకుని వెళ్లిపోయింది.