తొమ్మిదో మంచం ఎరుపు

ఏడో మంచం ఆకుపచ్చ. ఎనిమిదోదీ ఆకుపచ్చే. జసింత రెండింటికీ బొటనవేలి ముద్ర వేసి ముందుకు నడిచింది. తొమ్మిదో మంచం దీపం ఎర్రగా వెలిగింది.

“పొటాషియం ప్రమాదస్థాయికి పెరిగింది. తగ్గించే మందు సిద్ధం. నాలుగు నిమిషాల్లో ముద్ర వేయండి,” అంది గోడమీది యంత్రం, తీర్పరి.

రక్తపరీక్షల అంకెలు నర్సుల కంటబడి ఆరేళ్ళయింది. చదివేదీ, నిర్ణయించేదీ తీర్పరే. నర్సులు గంగిరెద్దుల్లా తల ఊపితే చాలు, ఊపకపోతే ఉద్యోగం ఊడుతుంది. జసింత కూడా ఇన్నాళ్ళూ చక్కగానే ఊపింది.

మంచం మీద సోమయాజులు గారు మూడు రోజుల వాంతులు, విరేచనాలతో వడిలిపోయి ఉన్నారు. ఒంట్లో పొటాషియం పడిపోయిందనే నిన్న ఎడమచేతికి పొటాషియం కలిపిన సెలైను పెట్టారు. ఒక్కపూటలో ఇంత పెరుగుతుందా?

“ఏమిటమ్మా ఆ ఎర్రదీపం? ముంచుకొచ్చిందా నాకు?”

“ఉండండి బాబుగారూ.” ఆమె తెరమీది గుండెగీత చూసింది. పొటాషియం అంత పెరిగితే గీత మొనదేలి లేవాలి. ఇదేమో నీరసంగా పాకుతోంది.

పని నేర్పిన కమలమ్మ సిస్టర్ ఎప్పుడూ అనేది: “కాయితం చదివేముందు మనిషిని చదవ్వే. రక్తం ఏ చేతినుంచి తీశారో అడుగు.”

“పొద్దున రక్తం తీసే మరచెయ్యి సూది ఏ చేతికి గుచ్చింది?”

“ఎడమచేతికేనమ్మా. కుడిచేతికి అనంతవ్రతం తోరం ఉంది కదా. మీ మరచెయ్యి దాన్ని చూసి కట్టనుకుందో ఏమో, ఇటు తిరిగింది.”

సెలైను ఎక్కుతున్న చేతినుంచే తీసిందన్నమాట! పరీక్షకు వెళ్ళింది సగం రక్తం, సగం సెలైను సీసాలోని పొటాషియం నీళ్ళు. ఇప్పుడీ మందు ఎక్కిస్తే ఉన్న కాస్త పొటాషియమూ పోయి గుండె ఆగిపోతుంది.

“ఒక నిమిషమే మిగిలింది. ముద్ర వేయకపోతే మరో నర్సును పిలుస్తాను,” అంది తీర్పరి.

“పిలుచుకో.”

జసింత మందు గొట్టాన్ని ఊడబీకింది. తోరాన్ని మెల్లగా పైకి జరిపి, తన చేత్తోనే కుడిచేతి నరం వెతికి, రక్తం తీసి పరీక్షగూట్లో వేసింది. ఆరేళ్ళ తర్వాత పట్టిన సిరంజి.

దీపం ఎరుపూ పసుపూ మారి మారి వెలిగింది.

“ఒకే మనిషి. మొదటి ఫలితం ఎనిమిది. రెండోది రెండున్నర. ఏది నమ్మాలి?”

తీర్పరి ఒక నర్సును ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

“రెండోది. మందు రద్దు చేసి డాక్టర్ని పిలువు. సెలైను ఎక్కుతున్న చేతినుంచి ఇంకెంతమందికి తీశావ్?”

“ఈ వారం పదకొండుమందికి. అందులో నలుగురికి ఎర్రదీపం. నాలుగు ముద్రలూ మీవే.”

జసింత మంచం పట్టె పట్టుకుంది. తల ఊపినంత తేలిగ్గా వేసిన ముద్రలవి.

“ఏ మంచాలు?”

“మూడు. పదిహేను. ఇరవై.”

నాలుగో అంకె తీర్పరి చెప్పలేదు. జసింత అడగనూ లేదు. పన్నెండో మంచం నిన్న మధ్యాహ్నం, మనిషి గుండె ఆగి, ఖాళీ అయింది. దుప్పటి మార్చింది తనే.

ఆమె మూడు సిరంజిలు తీసుకుని మూడో మంచం వైపు పరిగెత్తింది.