బీడు ఉంచాల్సిన పొలం

పొద్దున్నే కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే ఫోను మోగింది. వ్యవసాయాఫీసు నుంచి. బీడు పెట్టిన పొలాన్ని చూడ్డానికి ఇన్‌స్పెక్టరు కాసేపట్లో బయల్దేరుతున్నాడట.

"రమ్మనండి సార్, అక్కడ గడ్డి తప్ప ఏముంది?" అని నవ్వింది కూతురు.

ఆ మాటకి వంటింట్లో అమ్మ చేతిలోంచి గరిటె జారిపడింది.

పంట ఎక్కువై ధరలు పడిపోతున్నాయని, మూడేళ్లు సాగు మానేస్తామని ఒప్పందం రాసిన రైతులకి సర్కారు ఏటా డబ్బిస్తోంది. పండించనందుకు డబ్బా! విడ్డూరమే మరి. కానీ ఈ ఇంటి మీదున్న బ్యాంకు అప్పు తీరుతున్నది దాంతోనే. సాగు చేశారని తేలితే ఒప్పందం రద్దు, ఆపైన ఇల్లు వేలం.

"ఏంటమ్మా, అలా బిక్కచచ్చిపోయావ్?"

"మీ నాన్న జొన్న చల్లారే! వద్దంటే వింటేనా? మోకాలెత్తు వచ్చిందట," అంది అమ్మ.

కూతురు ట్రాక్టరు తాళాలు అందుకుంది. గుండె ఆపరేషనయ్యాక నాన్నని నడవమని డాక్టరు చెప్పాడు. ఆయన రోజూ కాలవ దాటి వెళ్తుంటే, పోన్లే, బుద్ధిగా మాట వింటున్నాడని మురిసిపోయింది. కాలవ అవతల, పని లేని పొలానికి తనెందుకు వెళ్తుంది? పెద్దాయనకి అదే కలిసొచ్చింది.

నాగలి తగిలించిన ట్రాక్టరు తీసి హడావుడిగా వెళ్లేసరికి నాన్న గట్టు మీదే ఉన్నాడు. ఆయన వెనకాల పొలమంతా పచ్చగా ఊగుతోంది. నాగలి చూడగానే వచ్చి బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో నాన్నా! దున్నెయ్యాలి."

"ఇంకా పొట్టకైనా రాలేదే, కంకైనా వెయ్యలేదే. పచ్చటి పైరుని దున్నడానికి నీకు చేతులెలా వస్తున్నాయే?"

"దున్నకపోతే రోడ్డున పడతాం! ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలీదా? ఇంట్లో కూర్చుని తినడానికి నీకేం నొప్పి?"

అనేసి నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం అరవలేదు.

"అదేనే నొప్పి. ఆపరేషనయ్యిందని నా దగ్గర ట్రాక్టరు తాళాలు లాక్కున్నావ్. అప్పుడే పొలాన్నీ కూర్చోబెట్టావ్. ఇద్దరం ఏమీ చెయ్యకుండా పడుంటే చాలన్నావ్. పొద్దున లేస్తే దేనికి లేచానో తెలీదు తల్లీ. దీనికైనా నాతో పనుంటుందని చల్లాను."

ఆమె ఇంజను ఆపేసింది. ఆయన్ని కాపాడుకుంటున్నాననుకుంది. మనిషిని మూలన పెట్టేశానని ఒక్కసారైనా తోచలేదు. దిగొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

"ఊరుకో, ఏడవడానికి టైముందా? జరుగు. చల్లింది నేను, దున్నేదీ నేనే," అంటూ ఆయన బండెక్కాడు.

సగం పొలం దున్నాడో లేదో జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు మిగిలిన పచ్చదనాన్ని చూసి మొహం చిట్లించాడు.

"చల్లింది నేను బాబూ. దీనికేం తెలీదు, నన్నేమైనా చెయ్యండి," అన్నాడు నాన్న.

"కాదు సార్, తప్పు నాది. ఆయన్ని పనికిరాని వాణ్ణి చేసి కూర్చోబెట్టాను," అంది కూతురు. ఇల్లు పోయినట్టేనని ఆమెకి తెలుస్తూనే ఉంది.

ఇన్‌స్పెక్టరు దున్నిన సగం వైపు చూశాడు. "ఈ ఏడు డబ్బు రాదమ్మా, నేనేం చెయ్యలేను. కానీ కోత కొయ్యలేదు కాబట్టి, చీకటి పడేలోగా మొత్తం దున్నేస్తే ఒప్పందం నిలుస్తుంది."

ఈ ఏడు వాయిదా ఎలా కట్టాలో దేవుడికే తెలియాలి. గేదెల్ని అమ్మాలో, బ్యాంకువాళ్ల కాళ్లే పట్టుకోవాలో. కూతురు కళ్లు తుడుచుకుని నాన్న పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంది. పైరు మట్టిలో కలిసిపోతుంటే ఆమె చూడలేకపోయింది. ఆయన మాత్రం ప్రతి సాలుకీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఆఖరి మలుపు దగ్గర బండి నెమ్మది చేసి, బితుకుబితుకుమంటూ అడిగాడు.

"రేపు... నాకేమైనా పనుందా అమ్మా?"

"బోలెడుంది నాన్నా," అంది ఆయన భుజం మీద తల వాల్చి. "నువ్వు లేకపోతే నా వల్ల కాదు."