ఇంటూ మార్కు లేని ప్రకటన

రావికమతం దాటాక చెరుకుతోట గట్టు మీద పరదేశి శవం దొరికేసరికి అతని చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది.

మెడ కింద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటి మీద వేరే గాయం లేదు. ఫోన్ తెర నిండా ఒకటే ప్రకటన. జుట్టునూనె సీసా పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. మూలన ఇంటూ మార్కు ఉండాల్సిన చోట పరదేశి బొటనవేలి ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి అద్దం మసకబారింది. ప్రకటన వెనక డయల్ ప్యాడ్ తెరిచే ఉంది. చచ్చిపోయేముందు అతను ఎవరికో ఫోన్ చెయ్యబోయాడు. నూనె అమ్మాయి అడ్డు తప్పుకోలేదు.

అతను చెయ్యబోయింది లక్ష్మీనరసింహానికి. విశాఖపట్నంలో బోర్డు లేని ఒక ఆఫీసులో కూర్చునే సైబర్ కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ ఆయన. ఆ మధ్యాహ్నమే ఏజెంట్ ఫణిశ్రీనివాస్‌ని పిలిపించాడు.

"పరదేశి మనవాడు. చోడవరంలో స్కైలైన్ యాడ్స్ అని ఒక కంపెనీ ఉంది. అందులో ఆఫీస్ అసిస్టెంట్‌గా పెట్టాను."

"యాడ్ కంపెనీ మీద మనకేం పని సార్?"

"దాని వెనక ఆర్కిడ్ ఉంది. విదేశీ ముఠా. వాళ్ళకి బాంబులక్కర్లేదు, ప్రకటన చాలు. ఏదో వెబ్‌సైట్ చూస్తూంటే 'మీ ఫోన్‌లో వైరస్ ఉంది' అని తెర మీదికొస్తుంది. మూద్దామని నొక్కుతావు. యాప్ దిగుతుంది. ఆ క్షణం నుంచి ఫోన్ వాళ్ళది."

"ఎవరి ఫోన్లు?"

"చోడవరం నుంచి సముద్రం దాకా ప్రతి మూడో ఇంట్లో ఒకటి. ఏం చెయ్యబోతున్నారో తెలీదు. అది తెలుసుకోవడం నీ పని. ఆపడం కూడా."

"లోపల మనవాళ్ళు?"

"మహతి. అక్కడ మేనేజర్. ఆర్కిడ్ జీతం తింటూ మనకి సమాచారం ఇస్తోంది. డబుల్ ఏజెంట్. బయట సత్యారావుంటాడు. కానిస్టేబులే, షేర్ ఆటో నడుపుతున్నాడు. అతని సంగతి మహతికి చెప్పకు." చీఫ్ కళ్ళజోడు తీశాడు. "నీ కోడ్‌నేమ్ గరిక. నా నంబర్ కంఠతా వచ్చుగా? ఫోన్లో సేవ్ చెయ్యకు."

ఫణిశ్రీనివాస్ ఇంటర్నెట్ లైన్‌మన్‌ వేషంలో చోడవరంలో దిగాడు. భుజాన కేబుల్ చుట్ట, నడుముకి టూల్ బ్యాగ్, చొక్కా బొత్తాంలో కెమెరా, బెల్టు బకిల్‌లో ట్రాన్స్‌మిటర్. బుచ్చయ్యపేట రోడ్డు వైపు అచ్చియ్యమ్మ అనే ఆవిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. సామాను దించకముందే ఆవిడ ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

"నెట్టు పని సేస్తావంట కదా బాబూ, ఓపాలి దీన్ని సూడు. మా చిన్నారికి ఫోన్ సేద్దామంటే సాలు, ఏదో ఒకటి ఒచ్చి మీద కూకుంటంది. మొన్న వైరస్సని వస్తే నొక్కేను. అప్పట్నించీ మరీ ఎక్కువైపోనాది."

"చిన్నారి ఎవరండీ?"

"మా గుంట. పూడిమడకలో ఇచ్చేం. పురుడై నెల తిరగలేదు. ఈ తుఫానేటో సముద్రం మీద ఉందంటన్నారు. రేపొద్దున్న నేనెల్లి దాన్నీ పిల్లడ్నీ తుఫాను షెల్టర్‌కి తీసుకెళ్ళిపోతాను."

అతను ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్ళబోయాడు. పెళ్ళి పట్టుచీరలు అడ్డమొచ్చాయి. మూశాడు. మోకాళ్ళ నొప్పుల తైలం వచ్చింది. దాన్నీ మూశాడు. 'మీరే విజేత' అంటూ చక్రం తిరిగింది. ఎట్టకేలకు దొంగ యాప్ దొరికింది. పేరు లేదు, బొమ్మ లేదు. తీసెయ్యబోతే తెర వణికి మళ్ళీ పట్టుచీరలొచ్చాయి. కానీ ఆ కాస్త వ్యవధిలో అతను ఒక సంగతి గమనించాడు. ఆ యాప్ ప్రభుత్వ హెచ్చరికలు వచ్చే దారిలో కూర్చుంది.

మర్నాడు అచ్చియ్యమ్మ బస్సెక్కింది. అతను స్కైలైన్ యాడ్స్‌కి బయల్దేరాడు.

ఊరి చివర పాత బెల్లం గోడౌన్ పై అంతస్తులో ఉంది ఆఫీసు. అప్పటికే గాలి లేచింది. మధ్యాహ్నమే ఆకాశం పొగచూరిన మూకుడులా ఉంది. రిసెప్షన్‌లో నెమలికంఠం రంగు చీర కట్టుకున్న స్త్రీ లేచి నిలబడింది. ఆమెను చూశాక ఆ గదిలో ఇంకేముందో చూడటానికి అతనికి కొంచెం టైం పట్టింది.

"లైన్ స్లోగా ఉందని కంప్లైంట్ ఇచ్చారట మేడమ్."

"స్లో కాదు. స్కిప్ బటన్ రావట్లేదు."

"ఐదు సెకన్లు ఆగితే వస్తుంది."

కోడ్ సరిపోయింది. మహతి నవ్వింది. "సర్వర్ రూమ్ అటు. రండి."

నడవా చివర ఇనప తలుపు. అతను ముందు అడుగుపెట్టాడు. వెనక నుంచి చల్లటి గొట్టం మెడకి తగిలింది.

"బ్యాగ్ కింద పెట్టండి. రెండో బొత్తాం తెంపి ఇవ్వండి. బెల్టు కూడా."

"పరదేశిని చంపింది మీరేనా?"

"అతను ఆఫీస్ అసిస్టెంట్‌లా ఉండలేదు. ప్రతి ఫైల్ సేవ్ అయిందా లేదా అని చూసేవాడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మీ చీఫ్ ఇచ్చేదానికన్నా ఆర్కిడ్ ఎక్కువిస్తుంది. అంతకుమించి కథేం లేదు."

"ఏం చెయ్యబోతున్నారు?"

"తుఫాను దగ్గరపడగానే తీరంలో కరెంటు పోతుంది. టీవీ ఉండదు. జనం చేతిలో ఫోనొక్కటే ఉంటుంది. అప్పుడు అందరి తెర మీదా ఒకేసారి ప్రభుత్వ ముద్రతో ఒక కబురు వస్తుంది. 'తుఫాను దారి మళ్ళింది. షెల్టర్లు ఖాళీ చేసి ఇళ్ళకు వెళ్ళండి.' దానికి ఇంటూ మార్కు ఉండదు. ఏ ఫోనూ చేసుకోనివ్వదు."

"వాళ్ళంతా చచ్చిపోతారు!"

"ఇది రిహార్సల్. ఒక్క ప్రకటనతో ఒక తీరాన్ని కదిలించగలిగితే, యుద్ధమొచ్చిన రోజున దేశాన్నే కదిలించొచ్చు. ఆర్కిడ్‌కి కావలసింది ఆ లెక్క." ఆమె వెనక్కి అడుగేసింది. "తుఫాను హడావిడిలో ఈ గోడౌన్ కాలిపోతుంది. షార్ట్ సర్క్యూట్. అందాకా కాలక్షేపం కావాలంటే బ్రౌజ్ చేసుకోండి."

తలుపు మూసుకుంది.

కిటికీ లేని గది. పైన రేకుల మీద వాన. నేల నుంచి కప్పు దాకా ఇనప ర్యాకులు, వాటికి మరలతో బిగించిన చవక ఫోన్లు. వందలుంటాయి. ప్రకటనలు జనం మీదికి వదిలేముందు పరీక్షించేది వీటి మీదే. అన్నీ ఒకేసారి మోగుతున్నాయి. ఒకటి పాట పాడుతోంది, ఒకటి అప్పిస్తానంటోంది, ఒకటి బట్టతలని ఓదారుస్తోంది. గది అంతా ఉక్క. గోడ మీద పెద్ద తెరలో ఆకుపచ్చ గీత నెమ్మదిగా కుడివైపు పాకుతోంది. కింద రెండు మాటలు: 'అలర్ట్ సిద్ధమవుతోంది.'

తలుపుని తన్నాడు. భుజంతో గుద్దాడు. కేబుళ్ళ కోసం వెతికాడు. అన్నీ గోడలోపలి నుంచి పోయాయి.

ఒక ఫోన్ అందుకున్నాడు. సిమ్ లేదు. బ్రౌజర్ తెరిచి డిపార్ట్‌మెంట్ రహస్య పేజీ అడ్రస్ కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగక్షరాలయ్యేసరికి తెర నిండా సబ్బు. ఇంటూ మార్కు కనబడింది, నొక్కాడు. అది బొమ్మలో భాగం! ఇంకో పేజీ తెరుచుకుంది. 'నోటిఫికేషన్లు అనుమతించండి.' వద్దన్నాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాడు. వీడియో మొదలైంది. స్కిప్ బటన్ వచ్చింది. వేలు తగిలే క్షణంలో బటన్ కిందకి జారి, ఆ చోటులోకి 'డౌన్‌లోడ్' వచ్చి కూర్చుంది.

ఇంకో ఫోన్. ఇంకోటి. ఒకదాంట్లో మొత్తం అడ్రస్ కొట్టగలిగాడు కూడా. పేజీ తెరుచుకోలేదు. 'ఈ నెట్‌వర్క్‌లో అనుమతి లేదు.' ఆ గదిలోంచి ప్రకటనలకు తప్ప దేనికీ దారి లేదు.

చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పరదేశి బొటనవేలు గుర్తొచ్చింది. అతనూ ఇలాగే నొక్కీ నొక్కీ చచ్చిపోయాడు. తీరాన ఏదో షెల్టర్లో అచ్చియ్యమ్మ నెల తిరగని పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ వంక చూస్తూ ఉంటుంది. ఇళ్ళకు వెళ్ళమంటే వెళ్ళిపోతుంది. ప్రభుత్వం ముద్ర ఉంటే ఎందుకు నమ్మదు? ఫణిశ్రీనివాస్ ర్యాకుకి ఆనుకుని కూలబడ్డాడు. ఇంతకుముందు రెండుసార్లు తుపాకీ ఎదుట నిలబడ్డాడు. అప్పుడు కూడా ఇంత ఊపిరాడకపోవడం తెలీదు.

ఆకుపచ్చ గీత సగం దాటింది.

ఎదురుగా ఉన్న ఫోన్లో ఇళ్ళస్థలాల ప్రకటన. 'పేరు, నంబర్ ఇవ్వండి. మా ప్రతినిధి వెంటనే కాల్ చేస్తారు.'

అలవాటుగా మూయబోయిన వేలు గాల్లోనే ఆగింది.

ఎందుకు మూయాలి?

అతను లేచాడు. పేరు దగ్గర గరిక అని రాశాడు. నంబర్ దగ్గర చీఫ్ నంబర్ కొట్టాడు. 'పంపండి' నొక్కాడు. ఏ అడ్డూ రాలేదు. పచ్చ టిక్కు పడింది. ఇంతసేపూ అతన్ని మింగాలని చూసిన యంత్రం ఈ ఒక్క పనికి మాత్రం ఎంతో వినయంగా దారిచ్చింది.

ర్యాకుల వెంబడి పరుగెత్తాడు. నంబర్ అడిగే ప్రకటన ఎక్కడ కనబడితే అక్కడ ఆగాడు. తైలం. ఇన్సూరెన్స్. అప్పు. సోలార్ ప్యానెళ్ళు. 'మీ అవసరం' అని పెట్టె కనబడితే ఇరుకుగా కబురు కుక్కాడు. పెళ్ళి సంబంధాల వాళ్ళ పెట్టె ఒక్కటే విశాలంగా ఉంది. అందులో కుదురుగా రాశాడు.

విశాఖపట్నంలో లక్ష్మీనరసింహం ఫోన్ మోగింది.

"గరిక గారాండీ? ప్లాట్ కోసం—"

"రాంగ్ నంబర్!" పెట్టేశాడు. తుఫాను మ్యాపుల ముందు నిలబడి ఉన్నాడాయన. గరిక నుంచి కబురు లేదు, బెల్టు సిగ్నల్ లేదు. మళ్ళీ మోగింది. మోకాళ్ళ తైలం. కట్ చేశాడు. కట్ చేశాక మొదటి కాల్‌లోని పేరు బుర్రలో తిరిగింది. మూడోసారి మోగగానే ఎత్తాడు.

"నమస్తే సార్, నా పేరు రోజా. శుభలగ్నం మ్యాట్రిమోనీ నుంచి. గరిక గారే కదా? 'మీ గురించి' అన్నచోట మీరు రాసింది కొంచెం... కన్‌ఫర్మ్ చేసుకుందామని."

"చదవమ్మా. ఒక్క అక్షరం వదలకుండా చదువు."

"'చోడవరం బెల్లం గోడౌన్ పైన బందీని. మహతి మనది కాదు. ఫోన్లకి దొంగ తుఫాను కబురు పంపబోతున్నారు, జనం షెల్టర్లు వదిలేస్తారు. వెంటనే నెట్ లైన్ కోయించండి.' సార్... ఇది ప్రాంక్ కాదు కదా?"

"కాదు తల్లీ. ఇంత మంచి సంబంధం నాకు ఎవరూ చెప్పలేదు."

కొత్తూరు జంక్షన్లో పరదాలు దించుకుని కూర్చున్న సత్యారావుకి ఫోన్ వెళ్ళింది. ఆటో వానలో ఎగిరెగిరి పడుతూ గోడౌన్ వెనక్కి చేరింది. స్తంభం నుంచి గోడలోకి పోయే నల్లటి తీగ ఒకటే. సత్యారావు ఆటో టాపు మీదికెక్కాడు. గాలికి ఆటో ఊగుతోంది. సీటు కింద పెట్టుకునే చెరుకు కత్తి పైకెత్తాడు.

లోపల గీత చివరికి వచ్చింది. 'అలర్ట్ వెళుతోంది' అని అక్షరాలు మారాయి. ఫణిశ్రీనివాస్ కళ్ళు మూసుకున్నాడు.

పాటలు ఆగిపోయాయి.

కళ్ళు తెరిచాడు. వందల తెరల మీద వందల ప్రకటనలు సగం సగం నిలిచిపోయాయి. అందరూ నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉన్నారు. గోడ మీద ఎర్రటి అక్షరాలు: 'కనెక్షన్ లేదు.' రేకుల మీద వాన చప్పుడు అంత బాగా ఎప్పుడూ వినబడలేదతనికి.

మహతి మెట్లు దిగి పరుగెత్తింది. కారు మీద వేపకొమ్మ విరిగిపడి ఉంది. చుట్టూ వాన. మలుపు తిరిగి ఒక షేర్ ఆటో వచ్చింది. ఆమె చెయ్యెత్తి, ఎక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"కె.కోటపాడు. తొందరగా. ఎంతైనా ఇస్తాను."

"ఎంతేటొద్దు మేడమ్. దార్లో స్టేషన్ కాడ ఓపాలి ఆగెల్దుం." సత్యారావు అద్దంలోంచి చూస్తూనే తుపాకీ వెనక్కి తిప్పాడు. "ఆ సంచీ మాత్రం ముట్టుకోకండి."

స్టేషన్‌ నుంచి వచ్చినవాళ్ళు ఇనప తలుపు కోసేసరికి సాయంత్రమైంది. ఫణిశ్రీనివాస్ బయటికొచ్చి, ఏమీ అమ్మని ఆకాశం కేసి మొహమెత్తి, తనివితీరా తడిశాడు. ఆ తుఫానుకి పూడిమడకలో ఇళ్ళు చాలా కూలాయి. వాటిల్లో మనుషులెవరూ లేరు. రెండ్రోజులకి అచ్చియ్యమ్మ మనవణ్ణి చంకనేసుకుని, చిన్నారిని వెంటబెట్టుకుని బస్సు దిగింది.

"నెట్టు రాలేదు బాబూ అక్కడ. పేణం ఆయిగా ఉండింది," అంది.

వారం తర్వాత ఫణిశ్రీనివాస్ రిపోర్ట్ పట్టుకుని చీఫ్ ఎదుట నిలబడ్డాడు. లక్ష్మీనరసింహం పేజీలు తిప్పి, సంతకం పెట్టి, కలం మూత బిగించాడు.

"బాగా చేశావు. ఒక్క పని మిగిలింది. సాయంత్రం మా ఇంటికి రా."

"పార్టీయా సార్?"

"కాదు. ఆ రోజా మంచి పిల్ల, ఫాలోఅప్ మానలేదు. నిన్న మూడు సంబంధాలు చూసిపెట్టానని ఫోన్ చేసింది. ఎత్తింది మా ఆవిడ."