మూల మిషన్‌లో మాస్టారు

ఆ రక్తపరీక్షల ల్యాబులో మూల సీటుకి మంచిపేరు లేదు. కిటికీ లేదు, ఫ్యాను గాలి తగలదు. పైగా అక్కడ ఎవరు కూర్చున్నా ఒంటరిగా కూర్చున్నట్టు ఉండదని చెప్పుకుంటారు.

అది రిపోర్టులు సరిచూసే మాస్టారి సీటు. కళ్లజోడు నుదుటికెక్కించుకుని, దాని కోసమే టేబులంతా వెతుక్కునే మనిషి. ఓ మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అలాగే ఒరిగిపోయారు. పోయారు కానీ... ఆ మిషన్‌లోంచి వచ్చే ప్రతి రిపోర్టు అడుగునా ఒకటే వరస పడుతూ వచ్చింది. సరిచూసినవారు — మాస్టారు.

అక్కడితో ఆగినా బాగుండేది. అప్పుడప్పుడు అంకెలు కొడుతుండగా నల్ల తెర ఠక్కున ఆగిపోయేది. అడుగున ఒక్క మాట తేలేది.

ఇంకోసారి చూడు తల్లీ...

బతికుండగా ఆయన నోట్లో నానే మాటే అది.

చూసినవాళ్లు హడలిపోయేవాళ్లు. అంకెలన్నీ మళ్లీ మొదటినుంచి కొట్టేవాళ్లు. రెండోసారి తెర కిమ్మనేది కాదు. హమ్మయ్య, మాస్టారు శాంతించారు అనుకునేవాళ్లు.

ఇవేవీ చెప్పకుండానే ఆ సీటు కొత్తమ్మాయికిచ్చారు. ఏ కాలేజీలోనూ చదవకుండా కంప్యూటర్ పని తనకు తానే నేర్చుకున్న పిల్ల. ఇంకా పర్మనెంటు కాలేదు. ఆమె చేతి మీదుగా వెళ్లిన రిపోర్టు పట్టుకుని ఒకాయన ల్యాబుకొచ్చాడు.

"ఈయన్ని కాటికి సాగనంపడానికి నేనూ వెళ్లానమ్మా. ఈయన నా రక్తం ఎప్పుడు చూశాడు?"

ల్యాబు డాక్టరమ్మది. కొత్తమ్మాయిని పిలిచి మెల్లగానే చెప్పింది. "ఇంకొక్క రిపోర్టు ఆ పేరుతో బయటికెళ్తే, వెనకాలే నువ్వూ వెళ్తావు."

ఆ సాయంత్రం వాన. చీకటి ముందే పడింది. అందరూ వెళ్లిపోయారు. మిగిలింది కొత్తమ్మాయి, రక్తం తీసే సూదక్క.

ఆ ప్రోగ్రాంకి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేస్తే పని చేస్తుంది. అడుగున ఎవరి పేరు వెయ్యాలో ఆఫీసు సెట్టింగుల ఫైల్లో చదువుకుంటుంది. కొత్తమ్మాయి ఆ ఫైలు తెరిచి చూసింది. మాస్టారి పేరు లేదు. ఎవరో ఎప్పుడో తీసేశారు. ఆమె తన పేరు రాసి, రిపోర్టు తీసింది.

కాగితం బయటికొచ్చింది. సరిచూసినవారు — మాస్టారు.

"అక్కా... ఫైల్లో ఈయన లేరు. మరి ఎక్కడున్నారు?"

"నన్నడుగుతావేంటే," అంది సూదక్క, తలుపుకి దగ్గరగా జరుగుతూ.

ఈసారి ఆజ్ఞ చివర్లోనే తన పేరు తగిలించింది. ఆమె పేరే పడింది. తగిలించకపోతే... మళ్లీ ఆయన.

"గట్టిగా చెప్తే వింటున్నారక్కా. చెప్పకపోతే ఆయనిష్టం."

"బతికున్నప్పుడూ అంతే."

ఎన్నిసార్లని తగిలిస్తుంది? ఒక్కసారి మర్చిపోతే ఉద్యోగం ఉండదు. ఆలోచిస్తుండగానే కరెంటు పోయింది... వచ్చింది. మిషన్ మళ్లీ లేచి, నువ్వెవరు అని అడిగింది. ఆమె వేళ్లు వాటంతటవే ఒక పేరు కొట్టాయి.

మాస్టారి పేరు.

కొట్టిన పేరు మళ్లీ చదువుకుంది.

"అక్కా, ఈ మిషన్‌లోకి మనమందరం ఎవరి పేరుతో వెళ్తున్నాం?"

"మాస్టారి పేరుతోనే. పాస్‌వర్డు తెర అంచున అంటించే ఉందిగా. కొత్తది చేసుకోడానికి ఎవరికి ఓపిక?"

మిషన్‌లో ఎవరి ఫోల్డరు వాళ్లకి ఇల్లు. ఆయన పేరుతో లోపలికెళ్తే తేలేది ఆయనింట్లోనే. కొత్తమ్మాయి ఆయన ఫోల్డర్లో దాగున్న ఫైళ్లని కూడా చూపించమంది. చుక్కతో మొదలయ్యే పేరున్న ఫైలొకటి కనిపించింది. మామూలుగా అడిగితే జాబితాలో కనపడనిది. మాస్టారి సొంత సెట్టింగులు. మొదటి వరసలోనే ఆయన పేరు.

"ఇది ముందు ఆఫీసు ఫైలు చదువుతుందక్కా. తర్వాత ఇంట్లో ఫైలు చదువుతుంది. రెండూ తేడాపడితే ఇంట్లో మాటే నెగ్గుతుంది. అప్పటికప్పుడు మనం చెప్పే మాట రెండింటినీ దాటుతుంది."

"ఇంట్లో మాట నెగ్గడం కూడా దెయ్యం పనేనా? మా ఆయన్నడుగు, చెప్తాడు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. కొత్తమ్మాయి తన పేరుతో కొత్త ఖాతా తెరిచింది. మిగిలిన ఒక్క రిపోర్టు అంకెలు చకచకా కొట్టింది. తెర ఆగలేదు, ఏమీ అనలేదు. కాగితం జారి పడింది. సరిచూసినవారి దగ్గర ఆమె పేరే ఉంది.

సూదక్క కాగితం ఎత్తి చూసింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"అమ్మాయ్... పొటాషియం నలభై అయిదా?"

"నాలుగున్నరక్కా." తొందరలో చుక్క కొట్టలేదు.

"ఈ లెక్కన ఈయన మాస్టారి పక్కన ఉండాలి."

కొత్తమ్మాయి మళ్లీ మాస్టారి ఫైలు తెరిచింది. పేరు కింద ఇందాక చదవని వరసలు రెండున్నాయి. అంకె హద్దు దాటితే ఆగు. ఆగినప్పుడు ఇలా చెప్పు — ఇంకోసారి చూడు తల్లీ.

ఆఫీసు ఫైల్లో అదే చోట ఉన్నది ఒకటే ముక్క. ఆగకు. క్యూ త్వరగా కదలాలని డాక్టరమ్మ పెట్టించింది.

ఇన్నాళ్లూ దెయ్యానికి భయపడి మళ్లీ కొట్టినవాళ్లెవరూ మొదటిసారి ఏం తప్పు కొట్టారో చూసుకోలేదు.

కొత్తమ్మాయి ఆ రిపోర్టు చింపేసింది. మాస్టారి పేరు రాయకుండా, ఆగకు అన్న చోట ఆ రెండు వరసలూ ల్యాబులో ఉన్న మూడు మిషన్ల ఆఫీసు ఫైళ్లలోనూ ఎక్కించింది.

"అడక్కుండా చేస్తున్నావు. ఉద్యోగం..." అంది సూదక్క.

"తెలుసక్కా."

మర్నాడు రద్దీలో డాక్టరమ్మే ఒక మిషన్ ముందు కూర్చుంది. ఠక్కున తెర ఆగింది. ఆమె చదివింది. చుట్టూ అందరూ చేతిలో పని ఆపారు.

"ఆ మూల దెయ్యం దీనికి కూడా పట్టిందా?"

"పట్టలేదు మేడమ్..." కొత్తమ్మాయి లేచి నిలబడింది. "నేనే కూర్చోబెట్టాను."

డాక్టరమ్మ తను కొట్టిన అంకె వైపు చూసింది. చేతిలో చీటీ చూసింది. మళ్లీ అంకె చూసింది. దిద్దింది. తెర కిమ్మనలేదు.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ మూలకి ఒక ఫ్యాను పెట్టించండి. ఉక్కలో ఎన్నాళ్లు కూర్చుంటారు?"

ఎవరి గురించి అన్నదో కొత్తమ్మాయి అడగలేదు.