అతిథుల బుష్

సాగరపేటిక మూత ఎత్తి లోపల చెయ్యి పెట్టగానే ప్లాస్టిక్‌ల శాస్త్రవేత్త డాక్టర్ సుభాషిణికి ఒళ్లు మండిపోయింది. చుక్క తడి లేదు.

విశాఖ నగరం ఇప్పుడు తాగుతున్నది వెయ్యి మీటర్ల లోతు నుంచి తోడి ఉప్పు తీసిన సముద్రపు నీరు. తోడే గొట్టం మూతికి పట్టిన చెత్త తీయడానికి పోలారావు ఒక్కడే పాడ్‌లో, అంటే నీళ్లలో మునిగే చిన్న ఇనుప గదిలో, కూర్చుని రోజూ దిగుతాడు. పైకి రావాలంటే లివర్ లాగి ఇనుప బరువు వదిలేయాలి. ఆ లివర్ పిన్ తిరిగే ఇత్తడి తొడుగు, బుష్, అరిగిపోవచ్చింది. దాని బదులు ఏ ప్లాస్టిక్ వేయాలో తేల్చడానికే ఈ పేటిక తయారుచేశారు. గడ్డకట్టే చలిలో, ఉప్పునీళ్లలో, ఏడాది సముద్రాన్ని ఒక్క రోజులో చూపిస్తుంది. నైలాన్‌కి నూటికి నూరు వేసింది.

"నీళ్లు పోయకుండానే పరీక్షించారా సార్?"

"ఉప్పునీళ్లు పోస్తే కొత్త మెషిన్ తుప్పు పట్టదూ, సుభాషిణి గారూ?" అన్నారు సంస్థ డైరెక్టర్ రామబ్రహ్మం.

ఇంత చదువూ చదివి అనాల్సిన మాటేనా అది?

"నైలాన్ నీళ్లు తాగి ఉబ్బుతుంది. అసిటాల్ అనే ఇంకో ప్లాస్టిక్ దాదాపు తాగదు," అని ఆమె పోలారావుకి చెప్పింది.

"వలలు నేసినోలం, నైలాను సంగతి మాకు తెల్దేటమ్మా?" అన్నాడతను.

చేపల పెట్టెలో ఐసూ సముద్రపు నీళ్లూ పోసి, పిన్ దూర్చిన నైలాన్ బుష్‌ని నలభై రోజులు నానబెట్టాడు. డైరెక్టర్ రెండు చేతులా తిప్పినా పిన్ కదల్లేదు. ఆయన మొహం పాలిపోయింది.

"వచ్చే వారం ఢిల్లీ అతిథులు పాడ్‌లో దిగుతున్నారు. వెంటనే అసిటాల్ వేయించండి."

అతిథులు దిగారు, నవ్వుతూ పైకొచ్చారు. మర్నాడు పొద్దున్న చూస్తే నల్లటి అసిటాల్ బుష్ లేదు, తెల్లటి నైలాన్ ఉంది.

"అది అతిథుల పేరున ఇచ్చిన సరుకు మేడమ్, స్టోరుకి తిరిగొచ్చేసింది," అన్నాడు స్టోర్‌కీపర్.

"మరి పోలారావుకి?"

"ఆయనకి సముద్రం అలవాటే కదండీ."

ప్రాణం పోవడానికి అలవాటేమిటి? సుభాషిణి వెళ్లి పాడ్‌లో కూర్చుంది. ఆ బుష్ వచ్చేదాకా లేవనంది. మధ్యాహ్నానికి డైరెక్టర్ దిగొచ్చి, బుర్ర గోక్కుని, రూల్ తప్పని దారి ఒకటి కనిపెట్టారు.

ఇప్పుడు పోలారావు అసిటాల్ బుష్‌తోనే దిగుతున్నాడు. దిగే ముందు రోజూ అతిథిగా సందర్శకుల పుస్తకంలో సంతకం పెడతాడు. ప్రాణానికి భయం లేదు. పద్నాలుగేళ్లుగా ఊరికి నీళ్లందిస్తున్న ఆ మనిషికి డ్యూటీ రిజిస్టర్లో మాత్రం రోజూ గైర్హాజరు పడుతోంది.