గోడవైపు కుర్చీ

మాజీ సైనికుల సహాయ కేంద్రంలో, రెండో గదిలో కుర్చీలు రెండే. ఒకటి గోడకి ఆనుకుని, తలుపుకి ఎదురుగా ఉంటుంది. ఇంకోదానిలో కూర్చుంటే తలుపు వీపు వెనక పడుతుంది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళెవరైనా సరే, గదిలో అడుగు పెట్టగానే మొదటి కుర్చీకేసే నడుస్తారు. ఎందుకని అడిగితే అలవాటంటారు.

మెకానిక్ వచ్చేసరికి ఆ కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది.

అతన్ని కేంద్రంలో అందరూ మెకానిక్ అనే పిలుస్తారు. సైన్యంలో లారీలు బాగుచేసేవాడు. ఇప్పుడు తనలాగే తిరిగొచ్చినవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ గోడు వినడం అతని ఉద్యోగం. డాక్టర్ కాదు, మందులివ్వడు. "నాకూ అలాగే ఉండేది" అనగలడు, అంతే. ఆ ఒక్క మాటకే చాలామంది కుదుటపడ్డారు. నిజం చెప్పాలంటే, ఈ పని దొరికాకే అతనూ మనుషుల్లో పడ్డాడు.

"ఆ కుర్చీ మీకు సౌకర్యంగానే ఉందాండీ?" అన్నాడు ఆశగా.

"చాలా బాగుంది. మీరు అందులో కూర్చోండి."

చెప్పుకోడానికి వచ్చినవాళ్ళు కోరిన కుర్చీ వాళ్ళకే ఇవ్వాలి. గోడమీద బోర్డులో అదే మొదటి నియమం. మెకానిక్ రెండో కుర్చీని చూశాడు, తలుపుని చూశాడు. చివరికి కుర్చీని బరబరా లాక్కొచ్చి ఆమె పక్కనే, గోడకి ఆనించి కూర్చున్నాడు. ఇద్దరూ బస్సులో పక్కపక్క సీట్లు దొరికినవాళ్ళలా తలుపుకేసి చూస్తూ ఉండిపోయారు.

"ఇక్కడ తొందరేం లేదు. ఎక్కణ్ణుంచైనా మొదలుపెట్టొచ్చు," అన్నాడు మెత్తగా.

"అవును. మీరే మొదలుపెట్టండి," అంది ఆమె ఇంకా మెత్తగా.

"ఈమధ్య నిద్ర బాగా పడుతోందా?"

"మీకో?"

"నాకేం, భేషుగ్గా ఉన్నాను. మీ సంగతి చెప్పండి."

"నిద్ర మాటెత్తింది మీరు. అంటే మీకు ఇబ్బంది అక్కడే ఉందన్నమాట."

మెకానిక్ తల తిప్పి చూశాడు. ఆమె ఓపిగ్గా తల ఊపుతోంది. ఆ ఊపుడు అతనికి బాగా తెలుసు. రోజూ తను ఊపేదే.

"ఏమండీ, అసలు మీరు ఇక్కడికి దేనికొచ్చారు?"

"ఇవాళే ఉద్యోగంలో చేరాను. మెకానిక్ అని ఒకతనున్నాడు, తన గురించి మాత్రం నోరు విప్పడు, నువ్వే వినాలి అని పెద్దాయన పంపించారు."

పెద్దాయనంటే కేంద్రాన్ని నడిపే ఆయన, ఆయనా ఒకప్పటి సైనికుడే. ఊళ్ళోవాళ్ళందరి గోడూ వినేవాళ్ళు, వారానికోసారి తమ గోడు ఇంకొకరికి చెప్పుకుని తీరాలన్నది ఆయన పట్టుదల. మెకానిక్ ఏదో ఒక వంక పెట్టి ఎప్పుడూ తప్పించుకునేవాడు. "ఈసారీ తప్పించుకున్నావో, నిన్ను ఈ పనిలోంచి తీసేస్తాను," అని ఆయన ఆ సాయంత్రమే తేల్చి చెప్పేశాడు. ఆ పనే పోతే తను ఏమైపోతాడో మెకానిక్‌కి తెలుసు. అందుకే బుద్ధిగా ప్రతి వారం రెండో గదికి వచ్చి కూర్చోసాగాడు. కూర్చున్నాడే గానీ, మాట్లాడిందంతా ఆమే.

ఆమె సైన్యంలో వైర్లెస్ ఆపరేటర్. పేరు కూడా వైర్లెస్ అనే స్థిరపడింది. ఇయర్‌ఫోన్ తీసేసి ఇన్నేళ్ళయినా చెవిలో ఆ గరగర ఆగదని చెప్పింది. వర్షం పడితే మాత్రం ఆగుతుందట. అప్పట్నుంచీ మెకానిక్ పొద్దున లేవగానే మబ్బు పట్టిందా అని చూడటం మొదలుపెట్టాడు. బోర్డుమీది రెండో నియమం మీద మాత్రం ఎందుకో అతనికి కోపం వచ్చేది. వినేవాళ్ళకీ చెప్పుకునేవాళ్ళకీ మధ్య ప్రేమాగీమా ఉండకూడదని అందులో ఉంది.

ఒకరోజు బయట జోరుగా వాన. ఆమె ముఖం తేటగా ఉంది.

"నావన్నీ లాగేశారు. మీదొక్కటైనా చెప్పారా?" అంది.

"చెప్పడానికి ఏముందని?"

"సరే అయితే," అని లేచింది ఆమె.

మర్నాడు పెద్దాయన పిలిచాడు. "ఆ అమ్మాయి నీ గోడు వినడం మానేస్తానంది. ఇకమీదట నేనే వింటాను, కూర్చో."

మెకానిక్ కూర్చోలేదు. "ఎందుకట?"

"అది ఆవిణ్ణే అడుగు. నువ్వు చెప్పాల్సింది చెప్పు."

ఉక్రోషం పొంగుకొచ్చింది. "మంచిదేలెండి. నాలాంటివాడి గోడు ఎంతకాలమని వింటుంది? అందరికీ నిద్రపోయే చిట్కాలు చెప్తాను. నేనేమో ఇంకా అక్కయ్యవాళ్ళింట్లో, హాల్లో కుర్చీలో కూర్చుని, తలుపు చూస్తూ కునుకు తీస్తాను. మంచం ఎక్కి ఏళ్ళయింది. చెప్తే పనిలోంచి తీసేస్తారని చెప్పలేదు. ఇప్పుడు తీసెయ్యండి."

అనేశాక గాని తను ఏమన్నాడో అతనికి తెలియలేదు.

పెద్దాయన నింపాదిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఒరేయ్, నేను రెండేళ్ళు స్నానాలగదిలో పడుకున్నాను, గడియ గట్టిగా ఉండేదని. దాచావని తీసేద్దామనుకున్నాను గానీ, ఇలా ఉన్నావని కాదు. అవతలివాళ్ళ గోడు వింటే మనకి బలం వస్తుంది, నిజమే. దాని వెనకే నక్కి కూర్చుంటే మాత్రం ఉన్నచోటే ఉండిపోతాం. వచ్చే వారం మళ్ళీ రా."

మెకానిక్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడలేదు.

ఎదురు వీధిలో, వైర్లెస్ రోజూ టీ తాగే కాంటీను ఉంది. వానలో తడుస్తూ వెళ్ళాడు. వైర్లెస్ మూల బల్ల దగ్గర, గోడవైపు కుర్చీలోనే ఉంది.

"పెద్దాయనకి చెప్పేశాను," అన్నాడు నిలబడే.

"ఏం చెప్పారు?"

"హాల్లో, కుర్చీలో నిద్రపోతానని."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు జాలిపడతారని. నాకు మీ జాలి అక్కర్లేదు. అయినా నా గోడు వినడం ఎందుకు మానేశారు? విసుగొచ్చిందా?"

"బోర్డుమీద రెండో నియమం చదవలేదా?"

"చదివాను. రోజూ చదువుతున్నాను."

"నేనూ రోజూ చదివాను. నియమం తప్పడం నాకు చేతకాదు. అందుకని మీ గోడు వినడం మానేశాను." చెప్పాక ఆమె టీ గ్లాసులోకి చూడసాగింది. చెవులు ఎర్రబడ్డాయి.

అతను కుర్చీని పక్కకి లాగబోయి ఆగాడు. అక్కడే, ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

"తలుపు నీ వెనక ఉంది," అంది ఆమె. మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి ఇద్దరూ గమనించారు, ఎవరూ ఎత్తలేదు.

"నువ్వు చూస్తున్నావుగా."

తలుపు టపామని కొట్టుకుంది. అతని భుజాలు బిగుసుకున్నాయి. మెడ మాత్రం తిప్పలేదు, ఆమె కళ్ళలోకే చూశాడు.

"గాలి," అంది ఆమె.

భుజాలు మెల్లగా దిగాయి. అంతలో ఫోన్ మోగింది, అక్కయ్య.

"ఎక్కడున్నావురా, ఇంత వానలో?"

"కాంటీన్లో, తలుపుకి వీపు పెట్టి కూర్చున్నానక్కా."

అటువైపు అక్కయ్య గొంతు సవరించుకుంది. "ఎదురుగా ఎవరున్నారో నేను అడగనులే. ఇవాళ నీ గదిలో పక్క వేస్తున్నాను. హాల్లో ఆ కుర్చీ అటకెక్కిస్తాను, నాకు దాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతుంది."

మెకానిక్ ఎదురుగా చూశాడు. వైర్లెస్ నవ్వు ఆపుకోలేక గ్లాసు అడ్డం పెట్టుకుంది.

"పక్క వెయ్యి. కుర్చీ మాత్రం ఉండనీ అక్కా," అన్నాడు. "రేపు భోజనానికి ఒక మనిషిని తీసుకొస్తున్నాను. దాన్ని గోడవైపు వేసి ఉంచు."