పొట్టలో పిండి పొంగుతుందా?

బడి నుంచి రాగానే పోలీసు తన బ్యాగు పక్కన పడేసి, తమ్ముడి మందుల డబ్బా తెరిచింది. పోలీసు అంటే ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. అమ్మ పాలగ్లాసు ఇచ్చినా వాసన చూడకుండా తాగే రకం కాదు మరి!

తమ్ముడి చెవినొప్పికి డాక్టరు యాంటీబయాటిక్ ఇచ్చారు. చెవినొప్పి తగ్గింది కానీ, విరేచనాలు పట్టుకున్నాయి. అందుకని కొత్తగా ఏవో పొడి పొట్లాలు రాశారు. పోలీసు పొట్లం మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "ఈస్ట్" అని ఉంది.

పొట్లం చటుక్కున కింద పెట్టేసింది. వాళ్ల నాన్నది బేకరీ. ఒక్క చెంచా ఈస్ట్ వేస్తే చాలు, పిండి ఉబ్బి గిన్నె అంచు దాటిపోతుంది. మరి తమ్ముడి బుల్లి పొట్ట ఏమైపోవాలి?

"అమ్మడూ, ఆ పొడి నీళ్లలో కలిపి వాడికి పట్టవే!" గదిలోంచి అమ్మ కేకేసింది.

మరిగే నీళ్లు తగిలితే ఈస్ట్ చచ్చిపోతుందని కూడా పోలీసుకు తెలుసు. నాన్న బేకరీలో పనివాళ్ల మీద అరిచేది అందుకే. ఆమె చప్పుడు కాకుండా ఫ్లాస్కులోని వేడినీళ్లు పోసి, పొడి కలిపి, చల్లార్చి పట్టించింది. మర్నాడూ అదే పని చేసింది. తమ్ముణ్ని కాపాడానని తెగ మురిసిపోయింది.

తమ్ముడేమో విరేచనాలు తగ్గక తోటకూర కాడలా వాడిపోయాడు. "అక్కా, నిలబడలేకపోతున్నా" అన్నాడు.

"మందుల షాపాయన పాత సరుకు అంటగట్టాడు. ఇప్పుడే వెళ్లి కడిగేసి వస్తా!" అమ్మ చెప్పులేసుకుంది.

పోలీసు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆయన తప్పేం లేదమ్మా. నేనే వేడినీళ్లు పోశా. వీడి పొట్ట పిండిలా పొంగుతుందేమోనని భయమేసింది" అంటూ ఏడ్చేసింది.

అప్పుడే పని నుంచి వచ్చిన నాన్నకి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఓసి పిచ్చితల్లీ! ఇది మన పిండిలో వేసేదానికి చుట్టమేగానీ, దీని పని వేరు. పేగుల్లో మనకి మేలు చేసే సూక్ష్మజీవులుంటాయి. చెవి మందు చెడ్డవాటితోపాటు వాటినీ చంపేసింది. అవి కోలుకునేదాకా ఈ ఈస్ట్ అక్కడ కాపలా కాస్తుంది. ప్రాణం తీసి పంపిస్తే కాపలా ఎలా కాస్తుందే?"

"నాకెవరూ చెప్పలేదుగా!"

"నువ్వు అడిగావా?"

పోలీసు ముక్కు తుడుచుకుని కొత్త పొట్లం తీసింది. గ్లాసులో నీళ్లు పోసింది. పొడి వేయబోతూ ఆగి, గ్లాసు నాన్న చేతికిచ్చింది.

"చల్లగానే ఉన్నాయనుకుంటున్నా నాన్నా. నువ్వోసారి చూడవా?"